ఫిన్లాండ్ చలికాలపు చీకటిలో నెల రోజులు ఒంటరిగా మౌనంగా ఉండొచ్చా?

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇది. సెప్టెంబరులో మాస్టర్స్ కోసం ఫిన్లాండ్‌లోని ఔలు నగరానికి వచ్చారు. నవంబరు సగానికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటగానే చీకటి పడుతోంది. ఉత్తర దేశాల చీకటి కాలం మనిషి తన లోపలికి చూసుకోవడానికి దొరికే వరమని చెప్పే వీడియోలు చూశారు. సెలవులు మొదలయ్యాక, డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ఫోన్ ఆపేసి, ఎవరినీ కలవకుండా, గదిలో దీపాలు తగ్గించుకుని మౌనంగా ఉండాలనుకుంటున్నారు. ఇది మంచిదేనా, ఎలా చేయాలి, ఇంట్లో అమ్మకు ఏమని చెప్పాలి? మీరు అడిగినవి ఈ మూడు.

చీకటి కాలాన్ని మిమ్మల్ని మీరు చూసుకోవడానికి తప్పకుండా వాడుకోండి. కానీ నెలంతా తలుపు మూసుకుని మాత్రం వద్దు. రోజుకు ఒక గంట చీకటిలో కూర్చోండి. ఆ గంటకు మొదలూ చివరా ఉండాలి. మిగతా రోజంతా వెలుగు, నడక, వేడి అన్నం, నలుగురు మనుషులు ఉండాలి. ఆ చీకట్లో ఎంత పెద్ద ప్రశ్నైనా వేసుకోండి, జవాబుగా తోచిన ఏ పెద్ద నిర్ణయాన్నీ మార్చి నెల దాకా అమలు చేయకండి.

నేను విజయనగరం వైపు నుంచి వచ్చి, ఇక్కడ మానసిక ఆరోగ్య విభాగంలో చాలా ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. డాక్టర్ని కాదు కాబట్టి మందుల గురించి ఏమీ చెప్పను. ఇక్కడి చలికాలాలు నాకు మేలే చేశాయి. అదే చలికాలం కుంగదీసిన పిల్లల దగ్గర కూర్చున్న రాత్రులూ ఉన్నాయి. మీ ప్లాన్ చదవగానే ఆ పిల్లలే గుర్తొచ్చారు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు మీ ప్లాన్‌లో చిక్కు ఎక్కడుందో చెబుతాను. ఔలు 65 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21 ప్రాంతంలో సూర్యుడు ఉదయం పదిన్నరకు వచ్చి మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లిపోతాడు. మొత్తం మూడున్నర గంటల పగలు. నడినెత్తికి రావడమనే మాటే లేదు, మిట్టమధ్యాహ్నం కూడా దిగంతానికి ఒకటిన్నర డిగ్రీల పైనే ఉంటాడు. అంటే చెట్ల వెనకే ఉండిపోతాడు. అదే రోజు హైదరాబాదులో పగలు పదకొండు గంటలు ఉంటుంది. మన ఒళ్లు పుట్టినప్పటి నుంచి ఆ పదకొండు, పదమూడు గంటల మధ్యే తిరిగింది.

మనిషి లోపలి గడియారం సరిగ్గా 24 గంటలది కాదు, సగటున అంతకంటే కొద్ది నిమిషాలు ఎక్కువ. ఆ కొద్దినీ రోజూ సరిచేసేది ఉదయం కంట్లో పడే వెలుగు. చూపుతో సంబంధం లేకుండా, వెలుగు పడిందా లేదా అన్నది మాత్రమే మెదడుకు చేరవేసే కణాలు రెటీనాలో ఉన్నాయి. వాటికి పొద్దున వెలుగు అందకపోతే నిద్ర రోజూ కాస్త కాస్త వెనక్కి జరుగుతుంది. మొదటి వారం ఒంటి గంటకు పడుకుంటారు, తర్వాత మూడింటికి, ఆ తర్వాత ఐదింటికి. ఒకటిన్నరకు లేస్తారు. పళ్లు తోముకుని టీ పెట్టుకునేలోపు సూర్యుడు వెళ్లిపోయి ఉంటాడు. అలా నాలుగైదు రోజులు గడిస్తే మీరు పగలన్నది చూడనే చూడరు. గదిలో దీపాలు కూడా తగ్గించుకుంటే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. ఇందులో మీ మనోబలంతో పనిలేదు, ఎంతటి సాధకుడికైనా ఒళ్లు ఇలాగే నడుస్తుంది.

నిద్ర చెడిపోయిన మనసు లోపలికి చూడలేదు. చూస్తున్నానని అనుకుంటుంది. ఈ తేడా చాలా ముఖ్యం, మీరు చూసిన వీడియోల్లో ఎవరూ చెప్పని తేడా కూడా ఇదే. మనస్తత్వ శాస్త్రంలో వీటిని రెండుగా చూస్తారు. ట్రాప్నెల్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో వీటిని విడివిడిగా కొలవడానికి ఒక ప్రశ్నావళి కూడా తయారుచేశారు. ఒకటి, తన గురించి తెలుసుకోవాలనే ఆసక్తితో చేసే ఆలోచన. రెండోది, భయంతోనో బాధతోనో ఒకే చోట తిరిగే ఆలోచన. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. మనిషి మౌనంగా కూర్చుని తన జీవితం గురించి ఆలోచిస్తూనే ఉంటాడు. మొదటిది గంట తర్వాత ఏదో ఒక కొత్త సంగతి చేతికిస్తుంది. రెండోది గానుగెద్దులా ఎంత నడిచినా ఉన్నచోటే ఉంచుతుంది, పైగా అలసట మిగులుస్తుంది.

మీరు ఏది చేస్తున్నారో తెలుసుకోవడానికి మా దగ్గరికి వచ్చేవాళ్లను నేను అడిగే ప్రశ్న ఒకటుంది. "నిన్న ఆలోచించినదానికీ ఇవాళ ఆలోచించినదానికీ తేడా ఏమిటి?" తేడా చెప్పగలిగితే పర్వాలేదు. అవే మాటలు, అదే సంఘటన, అదే నింద మళ్లీ చెబుతుంటే అది ఆత్మపరిశీలన కాదు. అప్పుడు లేచి చెప్పులేసుకుని బయటికి నడవాలి.

ఒకబ్బాయి సంగతి చెబుతాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. చదువులో చురుకైనవాడు, ఇంటి దగ్గర ధ్యానం అలవాటున్నవాడు. మీలాగే క్రిస్మస్ సెలవుల్లో మౌనం పట్టాడు. మొదటి వారం చాలా ప్రశాంతంగా ఉందని చెప్పాడు, అది నిజమే అయ్యుంటుంది. రెండో వారానికి వంట మానేసి బ్రెడ్డు మీద పడ్డాడు. మూడో వారానికి, ఇంటర్‌లో తన పక్క బెంచీలో కూర్చున్న ఒక స్నేహితుడితో తెగిపోయిన మాటల గురించి రాత్రంతా ఆలోచిస్తూ, తనంత చెడ్డవాడు లేడని తీర్మానించుకున్నాడు. జనవరిలో క్లాసులు మొదలైనా బయటికి రాలేదు. పక్క గది విద్యార్థి తలుపు తట్టడం వల్ల మాదాకా వచ్చాడు. వెలుగు, నిద్ర వేళలు, మాట్లాడే మనుషులు, కొంత వైద్యం దొరికాక కోలుకున్నాడు. నన్ను కదిలించింది ఏమిటంటే, ఆ స్నేహితుడి విషయంలో అతను ఆలోచించుకోవలసింది నిజంగానే ఉంది. మంచి ప్రశ్నే దొరికింది. దాన్ని మోయగలిగే స్థితిలో ఒళ్లు లేదు.

మరి చీకటి వల్ల మంచి ఏమీ లేదా? ఉంది, చాలా ఉంది. ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

మన తెలుగు పిల్లల జీవితం ఎలా నడుస్తుందో చూడండి. పదో తరగతి అవ్వగానే హాస్టల్. పొద్దున ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటికి స్టడీ అవర్. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్), ఆ తర్వాత బీటెక్, ప్లేస్‌మెంట్లు, కాకపోతే ఐఈఎల్‌టీఎస్, వీసా, లోను. ఎప్పుడూ పక్కన ఎవరో ఉంటారు, ఎప్పుడూ తర్వాతి మెట్టు ముందే రాసి ఉంటుంది. నీకేం కావాలని అడిగే తీరిక ఇంట్లోవాళ్లకూ ఉండదు, మనకూ ఉండదు. ఇరవై రెండో, ఇరవై మూడో ఏట ఇక్కడికి వచ్చి, మొట్టమొదటిసారి ఒక గదికి ఒక్కరే అవుతారు. బయట మంచు, చీకటి. మాట్లాడితేనే మర్యాద అనుకోని జనం. బస్సులో పక్కన కూర్చున్నవాడు పలకరించడు, అది కోపం కాదు. మొదటిసారి ఏ గొంతూ వినిపించని చోట, ఇన్నాళ్లూ వెనక్కి నెట్టిన ప్రశ్నలు పైకొస్తాయి. ఈ కోర్సు నాకు ఇష్టమేనా? నాన్న మీద ఇంత కోపం ఎందుకుంది? ఈ అప్పు తీరాక నేనేం చేస్తాను? నేను ఎవరిని బాధపెట్టి వచ్చాను?

ఈ ప్రశ్నలు జబ్బు కావు. చాలామంది తల్లిదండ్రులు ఫోన్లో అవి వినగానే భయపడి, చదువు మీద దృష్టి పెట్టమంటారు. నేను మాత్రం అవి రావాల్సిన ప్రశ్నలనే అంటాను. నలభై ఐదేళ్లకు వచ్చేకంటే ఇప్పుడు రావడం నయం. మీకు ఆ ప్రశ్నల కోసం సమయం కేటాయించాలనిపించిందంటే అది మంచి బుద్ధి. దాన్ని వదులుకోమని నేను అనడం లేదు.

ఇక్కడివాళ్లు చీకటితో ఎలా బతికారో కాస్త చూడాలి. చీకట్లో ఒంటరిగా కూర్చోవడమే ఉత్తరాది సంస్కృతి అన్నట్టు ఆ వీడియోలు చెబుతాయి, అది సరికాదు. కరెంటు రాకముందు ఫిన్లాండ్, స్వీడన్ పల్లెల్లో ఒక అలవాటు ఉండేది. మునిమాపు వేళ బయట పని ఆపి లోపలికి వస్తారు. వెంటనే దీపం పెట్టరు. పొయ్యి దగ్గర ఇంటిల్లిపాదీ చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చుంటారు. కొందరు కబుర్లు చెబుతారు, కొందరు ఊరికే ఉంటారు, ముసలివాళ్లు కునుకు తీస్తారు. నూనె ఆదా కూడా అవుతుంది. పూర్తిగా చీకటి పడ్డాక ఎవరో ఒకరు లేచి దీపం వెలిగిస్తారు, మళ్లీ పని మొదలవుతుంది. నేను చూసుకున్న ఒక పెద్దావిడ తన చిన్నప్పుడు ఈ వేళే రోజంతటిలో అందరికీ ఇష్టంగా ఉండేదని చెప్పేవారు. రోజూ ఉంటుంది, కొద్దిసేపే ఉంటుంది, పక్కన మనవాళ్లు ఉంటారు, చివర్లో దీపం వెలుగుతుంది. ఈ నాలుగూ ఉన్నాయి కాబట్టే ఆ చీకటి మనిషికి పనికొచ్చింది. అసురసంధ్య వేళ దీపం పెట్టకుండా ఉంటే అమ్మ చేత తిట్లు తిన్న మనకు ఇది వింతగానే ఉంటుంది, అయినా ప్రయత్నించి చూడండి.

ఇక్కడి పండగలు గమనించినా ఇదే కనిపిస్తుంది. డిసెంబరు 6న స్వాతంత్ర్య దినం సాయంత్రం ఇళ్ల కిటికీల్లో రెండేసి కొవ్వొత్తులు పెడతారు, వీధిలో నడిచేవాడికి కనబడేలా. 24న మధ్యాహ్నం పన్నెండింటికి టుర్కు నగరంలో క్రిస్మస్ శాంతిని ప్రకటిస్తారు, దేశమంతా టీవీలో చూస్తుంది. ఆ సాయంత్రమే కుటుంబాలన్నీ స్మశానాలకు వెళ్లి తమవాళ్ల సమాధుల మీద దీపాలు పెడతాయి. వీలైతే ఆ రోజు మీ దగ్గర్లోని స్మశానానికి వెళ్లి చూడండి. ఎవరూ ఏమీ అనుకోరు. మంచు మీద వందల దీపాలు, పెద్దగా మాట్లాడని జనం. పోయినవాళ్లను తలుచుకోవడానికి మనకు మహాలయ పక్షం ఉన్నట్టే వీళ్లకు ఇది. నేను మా నాన్నగారి కోసం అక్కడ ఒక దీపం పెట్టి వస్తాను. పరాయి ఊళ్లో, దూరంగా ఉన్నవాళ్ల కోసం దీపం పెట్టడానికి అక్కడొక చోటు కేటాయిస్తారు.

మన ధనుర్మాసం కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే వస్తుంది. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా, మీరు మౌనానికి ఎంచుకున్న రోజులు అవే. దక్షిణాయనం దేవతలకు రాత్రి, ఉత్తరాయణం పగలు అని మనవాళ్లు అంటారు. మేరువు మీద ఉన్నవాళ్లకు సూర్యుడు ఆరు నెలలు కనబడతాడని సూర్యసిద్ధాంతంలోనే ఉంది. ఉత్తర ధ్రువం దగ్గర జరిగేది అదే. ఉత్తరాయణంతో పగలు మొదలవుతుందన్న లెక్కన ధనుర్మాసం దేవతలకు తెల్లవారుజాము. ఇంటి దగ్గర ఆ నెలలో ఏం చేస్తారు? చీకటితోనే లేస్తారు, చన్నీళ్లో వేణ్ణీళ్లో పోసుకుంటారు, ముగ్గు పెడతారు, గుడికి వెళ్లి తిరుప్పావై వింటారు, హరిదాసు వస్తే బియ్యం పోస్తారు. చీకటిలో చేసే సాధనే అది, కానీ పగలు వచ్చేలోపు అయిపోతుంది. ఒళ్లు కదులుతుంది, పక్కింటివాళ్లు కనబడతారు, చివర్లో వేడి పొంగలి ఉంటుంది. మన పెద్దవాళ్లు, ఈ ఊరి పెద్దవాళ్లు ఒకరినొకరు చూడకుండానే చీకటికి ఒకే రకం హద్దు పెట్టారు.

ధ్యాన శిబిరాల్లో పది రోజులు మౌనంగా ఉంటారు కదా అని మీరు అడగొచ్చు. విపశ్యన శిబిరంలో తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పుతారు. వండిపెట్టేవాళ్లు ఉంటారు, సందేహం వస్తే ఆచార్యుడు ఉంటాడు, హాల్లో చుట్టూ మరో యాభై మంది కూర్చుని ఉంటారు. పైకి మౌనమే, అడుగున మాత్రం గట్టి కట్టుబాటు. హాస్టల్ గదిలో మీ ఒక్కరికీ అవేవీ ఉండవు.

ఇక ఎలా చేయాలన్నది. నేను పాటించేదీ, నా దగ్గరికి వచ్చినవాళ్లకు చెప్పేదీ ఇదే.

పొద్దున వెలుగు ముందు, మనసు సంగతి తర్వాత. సెలవైనా సరే ఎనిమిదిలోపు లేవండి. ఇక్కడ లైట్ థెరపీ ల్యాంపులు ఎలక్ట్రానిక్ షాపుల్లో మామూలుగా దొరుకుతాయి. 10,000 లక్స్ (వెలుగు కొలత) ఇచ్చేది చూసుకుని, పెట్టె మీద రాసిన దూరంలో పెట్టుకుని, పొద్దున అరగంట దాని ముందు టిఫిన్ చేయండి. దాని వైపు కన్నార్పకుండా చూడక్కర్లేదు, ముఖం మీద పడితే చాలు. సాయంత్రం వాడితే నిద్ర పాడవుతుంది. కంటి జబ్బు ఉన్నవాళ్లు, బైపోలార్ అనే మానసిక జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వాడకూడదు. తర్వాత పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య తప్పనిసరిగా బయట నడవండి. మబ్బు పట్టినా నడవండి, మంచు మీద పడి పైకి లేచే వెలుగు కూడా వెలుగే. కోటుకు రిఫ్లెక్టర్ తగిలించుకోండి. చీకట్లో రోడ్డు మీద నడిచేవాళ్లు అది పెట్టుకోవాలని ఇక్కడి చట్టమే చెబుతుంది. విటమిన్ డి వేసుకోండి. ఈ అక్షాంశంలో చలికాలమంతా ఎండ నుంచి అది తయారవదు, పైగా మనది ముదురు రంగు చర్మం, చాలామందికి చేపల అలవాటు లేదు. అయితే ఆ మాత్ర వెలుగుకు బదులు కాదు, రెండూ వేర్వేరు అవసరాలు.

చీకటి గంట. రోజూ ఒకే వేళ. నాకు సాయంత్రం ఐదు గంటలు కుదురుతుంది. రాత్రి పడుకోబోయే ముందు మాత్రం వద్దు, ఆ ఆలోచనలన్నీ మంచం మీదికి వస్తాయి. మొదటి ఇరవై నిమిషాలు దీపం ఆర్పి కిటికీ దగ్గర ఊరికే కూర్చోండి. ఫోన్ వేరే చోట ఉండాలి. జపం అలవాటుంటే చేసుకోండి, లేకపోతే మంచు చూస్తూ కూర్చోండి. తర్వాత దీపం పెట్టి ఇరవై నిమిషాలు నోటు పుస్తకంలో చేత్తో రాయండి. తెలుగులో రాయండి. తెలుగులో పెరిగినవాళ్లు చిన్నప్పటి సంగతులు ఇంగ్లీషులో రాస్తే రిపోర్టు రాసినట్టుంటుంది, తెలుగులో రాస్తే అమ్మ గొంతు, అత్త గొంతు అలాగే వస్తాయి. మనసులో ఉన్నది రాయడం వల్ల మేలు జరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం నుంచి ఎంతో పని జరిగింది. ఆ ప్రయోగంలో రాసింది రోజుకు పావుగంట, నాలుగు రోజులే. గంటలు గంటలు రాయనక్కర్లేదని చెప్పడానికే ఇది ఎత్తాను.

మిగిలిన ఇరవై నిమిషాల్లో ఏదో ఒక పని చేయండి. బియ్యం కడగండి, కూరగాయలు తరగండి, హాస్టల్ సౌనాకు, అంటే ఆవిరి స్నానపు గదికి వెళ్లండి, పక్క గదివాళ్లను పలకరించండి. ఆలోచన నుంచి మామూలు పనిలోకి దిగే ఆ కాసేపు లేకపోతే ఆ గంట రాత్రి దాకా సాగుతుంది.

వారానికి ఒక్కటే ప్రశ్న. "నేనెందుకిలా ఉన్నాను" లాంటివి వద్దు. నేను చూసినంతలో ఆ ప్రశ్నకు దొరికే జవాబులన్నీ నిందలే. జరిగినదాన్ని అడగండి. ఈ ఏడాది నాకు సాయం చేసినవాళ్లెవరు, వాళ్లకు నేనేం చెప్పాను? ఏ పనిలో పడితే నాకు వేళ తెలియలేదు? ఏ సందర్భంలో అవుననకూడని చోట అవునన్నాను, ఆ గదిలో ఎవరున్నారు? పేర్లు, చోట్లు, అన్న మాటలు రాయండి. మనుషుల్ని రాయండి. ఉత్త భావాలు రాస్తూ పోతే మళ్లీ అదే చోట తిరగడం మొదలవుతుంది.

నిర్ణయాలు మార్చిలో. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. డిసెంబరు రాత్రి రాసిన జవాబు ఆ రోజు నిజంలాగే కనిపిస్తుంది. చదువు మానేస్తాను, పెళ్లి సంబంధం వద్దంటాను, తిరిగి వెళ్లిపోతాను, ఫలానావాడితో ఇక మాట్లాడను. రాసుకోండి, తేదీ వేసుకోండి, పంపకండి. సంక్రాంతికి ఔలులో పగలు దాదాపు ఐదు గంటలవుతుంది, ఫిబ్రవరి సగానికి ఎనిమిది గంటలు దాటుతుంది, మార్చి 20 ప్రాంతంలో పన్నెండు గంటలు. అప్పుడు పుస్తకం తీసి మొదటి నుంచి చదవండి. ఒక్క రోజు మాత్రమే కనబడి మాయమైనదాన్ని వదిలేయండి. దిగులు రోజునా, బాగున్న రోజునా, రెండింట్లోనూ మళ్లీ మళ్లీ వచ్చింది ఏదో చూడండి. దాన్ని నమ్మొచ్చు.

నాకు తెలిసిన ఒకావిడ, భర్త ఉద్యోగం వల్ల వచ్చినావిడ, ఇక్కడి మొదటి చలికాలంలో ఇలా రాశారు. కొన్ని రోజులు ఇండియాకు వెళ్లిపోవాలని ఉంది, కొన్ని రోజులు అత్తగారి మీద కోపం ఉంది, కొన్ని రోజులు ఏమీ లేదు. కానీ దాదాపు ప్రతి వారం, ఏ ప్రశ్న వేసుకున్నా, నెల్లూరులో తను లెక్కలు చెప్పిన తరగతి గది వచ్చింది. నల్లబల్ల, సుద్దముక్క, వెనక బెంచీ పిల్ల. వసంతంలో చదువుకున్నప్పుడు ఆవిడకే ఆశ్చర్యమేసింది. వెళ్లిపోవాలన్న కోరిక వెనక ఉన్నది పాఠం చెప్పలేకపోవడం. ఫిన్నిష్ క్లాసులో చేరారు, ఇప్పుడు ఒక బడిలో సహాయకురాలిగా ఉన్నారు, టీచర్ అర్హత కోసం చదువుతున్నారు. డిసెంబరులోనే టికెట్ కొనుక్కుని ఉంటే ఆ తరగతి గది సంగతి తెలిసేది కాదు. పుస్తకం చదివాక నిజంగానే తిరిగి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఏడుస్తూ పారిపోలేదు, థీసిస్ ఇచ్చేసి స్థిమితంగా వెళ్లారు. అదీ మంచి ఫలితమే.

మీరు పంపిన వీడియోలో నార్వే పరిశోధన ఒకటి చెప్పారు. అది నిజమైనదే. కారీ లైబోవిట్జ్, యోవార్ విట్టెర్సో అనేవాళ్లు ట్రోమ్సో తదితర చోట్ల చేసి 2020లో ప్రచురించారు. చలికాలాన్ని మంచి దృష్టితో చూసేవాళ్లలో జీవితం పట్ల తృప్తి ఎక్కువగా ఉందని, ఉత్తరానికి పోయేకొద్దీ ఆ దృష్టి పెరిగిందని అందులో తేలింది. కానీ దృష్టి మంచిదవ్వడం వల్లే తృప్తి వచ్చిందా, లేక తృప్తిగా ఉన్నవాళ్లకే చలికాలం బాగుంటుందా అన్నది ఆ లెక్కల్లో తేలదు. అక్కడ చాలామందికి ఆ చీకటి ముందే అలవాటన్నది కూడా మరిచిపోకూడదు. మంచి దృష్టి పెట్టుకోండి, అది మాత్రమే సరిపోతుందని అనుకోకండి.

ఏ హద్దు దాటితే సాధన ఆపి సాయం అడగాలో కూడా చెబుతాను. చలికాలపు దిగులు కొందరిలో జబ్బు స్థాయికి వెళుతుంది. మానసిక వైద్యుడు నార్మన్ రోసెంతాల్, ఆయన సహచరులు 1984లో దీన్ని వర్ణించారు. మామూలు దిగులులో నిద్ర పట్టదు, ఆకలి వేయదు. ఇందులో తరచూ దానికి తలకిందులుగా ఉంటుంది. పది పన్నెండు గంటలు పడుకున్నా నిద్ర చాలదు, అన్నం, స్వీట్లు, బ్రెడ్డు తినాలనిపిస్తూనే ఉంటుంది, కాళ్లూ చేతులూ బరువెక్కుతాయి. అందుకే మనవాళ్లు దీన్ని బద్ధకమని తిట్టుకుంటారు. రెండు వారాల పాటు రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉన్నా, ఇష్టమైనవేవీ పట్టకపోయినా, స్నానం, వంట, చదువు తప్పిపోతున్నా విద్యార్థుల ఆరోగ్య సేవ వైటీహెచ్ఎస్‌కు ఫోన్ చేయండి. దానికి మీరు ఫీజు కడుతున్నారు, ఇంగ్లీషులో మాట్లాడతారు, మీ కాలేజీకీ ఇంటికీ ఎవరూ చెప్పరు. మియెలి అనే మానసిక ఆరోగ్య సంస్థ నడిపే సంక్షోభ సహాయ ఫోన్‌లోనూ ఇంగ్లీషులో మాట్లాడేవాళ్లున్నారు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఏ వేళైనా అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి. ఇంతకుముందు డిప్రెషన్ వచ్చి ఉంటే ఈ చీకటి గంట కూడా మీ డాక్టర్‌తో మాట్లాడకుండా మొదలుపెట్టకండి. వెలుగు తిరిగొచ్చే వసంతంలోనూ కొందరికి మనసు నెమ్మదించదు, ఏప్రిల్ వచ్చింది కదా అని అశ్రద్ధ చేయకండి.

క్రిస్మస్ రోజుల గురించి ఒక్క మాట. 24 మధ్యాహ్నం నుంచి 26 దాకా ఊరు దాదాపు ఆగిపోతుంది. షాపులు చాలావరకు మూస్తారు లేదా వేళలు తగ్గిస్తారు, బస్సులు బాగా తగ్గిపోతాయి, హాస్టల్ ఖాళీ అవుతుంది. ఆ మూడు రోజులకూ ముందే సరుకులు తెచ్చుకోండి, ఎవరితో భోంచేస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి. ఊళ్లో మిగిలిపోయే తెలుగు పిల్లలు, నేపాలీలు, వియత్నాంవాళ్లు ఎప్పుడూ కొందరు ఉంటారు. మీరే పిలవండి, పప్పుచారు పెట్టినా వస్తారు.

ఇంక అమ్మకు ఏం చెప్పాలన్నది. నెల రోజులు ఫోన్ చేయనని చెప్పకండి, తమ్ముడూ. ఆవిడ ఆ నెలంతా నిద్రపోదు, ఆ సంగతి తెలిసి మీరూ ప్రశాంతంగా కూర్చోలేరు. చలికాలంలో ఇక్కడికీ ఇంటికీ తేడా మూడున్నర గంటలు. మీకు సాయంత్రం ఏడయ్యేసరికి అక్కడ పదిన్నర, అందరూ పడుకుంటారు. మనసు బరువెక్కే వేళకు ఇంటి నుంచి పలికేవాళ్లు ఉండరు, చాలామంది పిల్లలు కుంగేది ఆ వేళే. అందుకని రోజూ మీ నాలుగున్నరకు, అంటే వాళ్ల ఎనిమిదింటికి, పది నిమిషాలు వీడియోలో మాట్లాడండి. ఆ తర్వాతే మీ చీకటి గంట మొదలుపెట్టండి. "సాయంత్రం ఐదింటి నుంచి ఆరింటి దాకా ఫోన్ పక్కన పెడుతున్నానమ్మా, ధనుర్మాసం కదా" అని చెప్పండి చాలు. ఎందుకని ఆవిడ ఇంకో ప్రశ్న అడగదు.